పొయ్యి దిగాక ఎన్ని గంటలు? ఒక కర్రీ పాయింట్ ప్రాజెక్టు డైరీ

2025 మార్చి, మొదటి వారం

మా పిన్నివాళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో కర్రీ పాయింట్ నడుపుతున్నారు. ముందు షట్టరు, వెనక రేకుల వంటగది. చుట్టూ హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళు. అన్నం ఇంట్లో కుక్కర్లో పెట్టుకుని కూరలు మాత్రం ఇక్కడ తీసుకెళ్తారు. రోజూ వచ్చే ముఖాలే ఎక్కువ. పరీక్ష ముందురోజు ఒక పిల్లవాడు కడుపు చెడి పడుకుంటే వాడి ఏడాది కష్టం నీళ్ళపాలవుతుంది. ఈ పని మొదలుపెట్టడానికి నాకు ఆ కారణం చాలు.

నేను బిస్కెట్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. బిస్కెట్‌లో తేమ చాలా తక్కువ కాబట్టి అందులో క్రిములు పెరగలేవు. అయినా మా దగ్గర ప్రతి దశకూ రికార్డు ఉంటుంది. పప్పు, సాంబారు, కోడికూర అలాంటివి కావు. తేమ, మాంసకృత్తులు, పిండిపదార్థం అన్నీ ఉన్న తిండి. అలాంటి తిండి అమ్మే వంటగదిలో గోడ గడియారం కూడా లేదు.

ముందు ఏమీ మార్చకుండా కూర్చుని చూశాను. వంట మాస్టారు ఆరింటికి పొయ్యి వెలిగిస్తారు. ఎనిమిదిన్నరకు పప్పు దిగుతుంది. ఆ వెనకే సాంబారు, రెండు వేపుళ్ళు, పులుసు, పదింటికి కోడికూర. పదకొండున్నరకు గిన్నెలన్నీ షట్టరు ముందుకు చేరతాయి. రెండున్నరకు రద్దీ తగ్గుతుంది. మిగిలినదానికి మూత పెట్టి పక్కన ఉంచుతారు. సాయంత్రం ఆరింటికి కొత్తగా వండినదాంట్లో దాన్ని కలిపి, ఒక పొంగు రానిచ్చి, మళ్ళీ ముందుకు తెస్తారు. రాత్రి తొమ్మిదిన్నరకు మిగిలింది ఫ్రిజ్‌లోకి వెళ్తుంది.

పిన్ని వంటగది శుభ్రంగానే ఉంటుంది. నేల రెండు పూటలా కడుగుతారు, గిన్నెలు తళతళలాడతాయి. 2024లో హైదరాబాద్ హోటళ్ళ మీద ఆహార భద్రత టాస్క్‌ఫోర్స్ వరసగా తనిఖీలు చేసి వివరాలు బయటపెట్టిన తర్వాత, ప్రమాదకరమైన తిండి అంటే బొద్దింకలు, జిడ్డు నేల, గడువు దాటిన ప్యాకెట్లు అని జనం మనసులో నాటుకుపోయింది. అవి ముఖ్యమే. కానీ కంటికి ఏ మచ్చా కనపడని ఈ వంటగదిలో కూడా ఉదయం ఎనిమిదిన్నరకు దిగిన పప్పు రాత్రి తొమ్మిదింటికి ఎవరో ఒకరి కవర్లో పడుతోంది. పన్నెండున్నర గంటలు. నా ప్రాజెక్టంతా ఆ గంటల మీదే.

మార్చి, రెండో వారం

బాబాయ్ అడిగిన మొదటి ప్రశ్న: "ల్యాబ్‌కి ఒక కవరు పంపిస్తే తేలిపోతుంది కదమ్మా?"

తేలదు. పప్పులో క్రిములు లెక్కపెట్టి ల్యాబు కాగితం ఇచ్చేసరికి రోజులు పడుతుంది. ఆ పప్పు ఆ రాత్రికే అందరి కడుపుల్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. పైగా పరీక్షకు పంపిన కవరు బాగుందంటే పక్క కవరు కూడా బాగుందని కాదు. 1960లలో అమెరికాలో వ్యోమగాములకు తిండి తయారుచేసిన పిల్స్‌బరీ కంపెనీకి, నాసాకి, అక్కడి సైన్యం ల్యాబులకి ఇదే చిక్కు వచ్చింది. ప్రతి ప్యాకెట్టూ విప్పి పరీక్షిస్తే పంపడానికి ప్యాకెట్టు మిగలదు. అందుకని తయారయ్యే దారిలో ఎక్కడెక్కడ ప్రమాదం దూరుతుందో ముందే గుర్తుపట్టి అక్కడ కాపలా కాయాలని ఒక పద్ధతి పెట్టుకున్నారు. అదే హ్యాసప్. ఇవాళ ప్రపంచమంతా పెద్ద ఫ్యాక్టరీలు దాన్నే పాటిస్తాయి. మా ఫ్యాక్టరీలో దాని ఫైళ్ళు ఒక బీరువా నిండా ఉన్నాయి. పిన్ని దగ్గర ఒక్క నోటుబుక్కులో పట్టేంత ఉండాలి, లేకపోతే ఎవరూ రాయరు.

కాగితం మీద ఒక్కో కూర దారి గీశాను. కడగడం, తరగడం, ఉడకడం, దించడం, ఆగడం, అమ్మడం, మిగలడం. "ఆగడం" దగ్గర ప్రతి కూరకూ ఎర్ర గీత పడింది. ఫ్యాక్టరీలో అయితే ఈ దశకు గట్టి పేరు ఏదైనా ఉండేది. ఇక్కడ దాన్ని ఎవరూ పనిగానే లెక్కపెట్టరు, ఎందుకంటే అప్పుడు చేతులు ఖాళీగా ఉంటాయి.

థర్మామీటరు వచ్చింది

సూది గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటరు కొన్నాను. వాడేముందు సరిచూడాలి. గ్లాసు నిండా ఐసు ముక్కలు దంచి, కొంచెం నీళ్ళు పోసి, కలిపి సూది పెడితే సున్నా చూపించింది. తర్వాత మరిగే నీళ్ళలో పెడితే 98 దగ్గర ఆగిపోయింది.

"వంద రావాలి కదా, ఇది పాడైపోయిన సరుకు. వెనక్కిచ్చేద్దాం" అన్నాడు బాబాయ్.

సరుకు మంచిదే. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదొందల మీటర్లకు పైన ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 98 దాటిన కాసేపటికే మరిగిపోతాయి. బందరులో ఇదే థర్మామీటరు వంద చూపిస్తుంది. మాస్టారుది తెనాలి దగ్గరి పల్లె. ఆయన వెంటనే, "అందుకేనా ఇక్కడ కందిపప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది?" అన్నారు. ఎత్తు వల్ల తగ్గిన ఈ రెండు డిగ్రీలతో పాటు పప్పు పాతదా కొత్తదా, నీళ్ళలో ఉప్పులెన్ని అన్నవి కూడా ఉంటాయి. కానీ ఆ మాటతో థర్మామీటరు మీద ఆయనకు గురి కుదిరింది. నాకు ఆ రోజు అంతకన్నా కావలసింది లేదు.

మార్చి చివర: పప్పు గిన్నె లెక్కలు

పెద్ద డేగిశాలో మూత పెట్టిన పాలకూర పప్పు. ఎనిమిదిన్నరకు దించినప్పుడు 94. పదకొండున్నరకు అమ్మకం మొదలయ్యేసరికి 70. ఒంటిగంటకు 59. మూడింటికి 50. ఆరింటికి 43.

దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లో షెడ్యూల్ 4 అని ఉంది, వంటగదులు పాటించాల్సిన పరిశుభ్రత నియమాలు అందులోవే. వేడిగా వడ్డించేది కనీసం 60 డిగ్రీల్లో ఉండాలని, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు ఉండాలని అది చెబుతుంది. ఈ రెండిటి మధ్య క్రిములు పెరుగుతాయి. ఈ గిన్నె ఒంటిగంట నుంచి ఆరింటిదాకా ఆ మధ్యలోనే కూర్చుంది.

మామూలుగా క్రిములు ఉడికితే చస్తాయని మనం అనుకుంటాం. చాలావరకు నిజమే. కానీ మట్టి నుంచి పప్పుతో, బియ్యంతో, ఆకుకూరతో, మసాలాతో వచ్చే కొన్ని క్రిములు గింజలాంటి గట్టి కవచం కట్టుకుని మరుగులో కూడా బతికేస్తాయి. వంటగది వాటికి ఒకరకంగా సాయం కూడా చేస్తుంది, ఎందుకంటే పోటీగా ఉండే మిగతా క్రిములన్నీ చచ్చిపోతాయి. గిన్నె చల్లారుతూ 50 కిందికి వచ్చేసరికి అవి మొలకెత్తుతాయి. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే దానికి 43 నుంచి 47 డిగ్రీల మధ్య వేడి బాగా పడుతుంది. ఆ వేడిలో పది నిమిషాలకోసారి రెండింతలవుతుంది. పెద్ద గిన్నె అడుగున, గాలి ఆడని చిక్కటి పప్పులో, మాంసం కూరలో దానికి కావలసినవన్నీ ఉంటాయి. తిన్న ఎనిమిది నుంచి పదహారు గంటలకు కడుపులో నొప్పి, విరేచనాలు. అంటే రాత్రి తిన్నవాడు తెల్లారి లేచి, "టిఫిను పడలేదు" అనుకుంటాడు. కర్రీ పాయింట్ మీదికి ఆ ఫిర్యాదు ఎప్పటికీ రాదు. పదేళ్ళుగా ఎవరికీ ఏమీ కాలేదని పిన్ని అంటే నేను వాదించలేదు. కాలేదో, తెలియలేదో చెప్పగలిగే దారే లేదు.

నాకు అంతకన్నా భయం అన్నం. మధ్యాహ్నం మిగిలిన అన్నం సాయంత్రం నిమ్మకాయ పులిహోర అవుతోంది. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ వాంతులు తెప్పించే ఒక విషాన్ని వదులుతుంది. ఆ విషం 121 డిగ్రీల్లో గంటన్నర ఉడికించినా చెక్కుచెదరదు. మన పోపు దానికేం చేయగలదు? నిమ్మరసం పిండితే క్రిమి ఇకమీద పెరగకపోవచ్చు. అప్పటికే పుట్టిన విషం అలాగే ఉంటుంది.

ఏప్రిల్, మొదటి వారం: మాస్టారితో

మాస్టారికి వంటలో నా వయసంత అనుభవం ఉంది. ఆయన్ని ఒప్పించకుండా ఈ వంటగదిలో ఏదీ మారదు. ఆయన ప్రశ్న సూటిగా వచ్చింది: "సాయంత్రం మళ్ళీ మరిగిస్తున్నాం కదమ్మా. ఇంకేం మిగులుతాయి?"

ఆ ప్రశ్నలో సగం సరైనదే. పర్‌ఫ్రింజెన్స్ మళ్ళీ మరిగిస్తే చస్తుంది. కాకపోతే గిన్నె మధ్యలో కూడా 75 డిగ్రీలు దాటాలి. అంచుల్లో పొంగు కనపడ్డప్పుడు చిక్కటి పప్పు నడిమధ్య 61 ఉంది, ఆయన ముందే సూది గుచ్చి చూపించాను. ఇక రెండో సగం, అన్నంలో పుట్టే విషం, చేతి నుంచి పడే స్టాఫిలోకాకస్ వదిలే విషం. ఈ రెండూ మరిగించినా పోవు.

"వాసన చూస్తే నాకు తెలిసిపోతుంది" అన్నారు. నిజంగానే తెలుస్తుంది. ఆయన మూత తీసి పప్పు ఎప్పుడు పులుపెక్కబోతోందో చెప్పగలరు. కానీ కూరను పాడుచేసి వాసన తెప్పించే క్రిములు వేరు, మనిషిని పడగొట్టేవి వేరు. రెండోవి వాసన లేకుండా, జిగురు లేకుండా, రుచి మారకుండా పెరుగుతాయి. ఈ మాట దగ్గర ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.

తర్వాత ఆయన్నే అడిగాను: ఏ కూర ముందు పోతుంది, ఏది నిలుస్తుంది? గుక్కతిప్పుకోకుండా వరస చెప్పారు. కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి అందరికన్నా ముందు. తర్వాత ఆకుకూర పప్పు, ముద్దపప్పు, అన్నం. ఆ తర్వాత ఆలు కుర్మా, కోడికూర, సాంబారు. వంకాయ పులుసు, బెండకాయ పులుసు రాత్రిదాకా ఉంటాయి. గోంగూర, కాకరకాయ వేపుడు, కంది పొడి మర్నాటికీ బాగుంటాయి. నేను పులుపు కొలిచే పీహెచ్ కాగితాలతో చూశాను, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. గోంగూర, చింతపండు పులుసులు 4.6 కన్నా కిందే ఉన్నాయి. ఆ పులుపులో ప్రమాదకరమైన క్రిములు చాలావరకు పెరగలేవు. పప్పు 6 దగ్గర. టమాటా పప్పు కూడా పేరుకే పులుపు, కాగితం మీద పెద్ద తేడా లేదు. పొడిలో, బాగా వేగిన కాకరకాయలో తేమ ఉండదు. మాస్టారి వరస, నా కాగితాల వరస దాదాపు ఒకటే. చింతపండు, నూనె, ఉప్పు, వేపుడు అన్నవి మనవాళ్ళు ఫ్రిజ్ లేని రోజుల్లో కట్టిన కాపలా అని నాకు అప్పుడు బాగా అర్థమైంది. ఆ కాపలా లేని కూరల్ని మనం పన్నెండు గంటలు అమ్మడం మొదలుపెట్టింది ఈమధ్యే.

ఆ వరస మీదే నియమాలు పెట్టాం. గిన్నెల పిడులకు రంగు టేపు చుట్టాం. ఎర్ర టేపు: పచ్చళ్ళు, పప్పులు, అన్నం. వీటిని ఏ పూటకాపూట వండాలి, పూట దాటితే అమ్మకూడదు. పసుపు టేపు: సాంబారు, కుర్మా, కోడికూర. 60కి తగ్గకుండా వేడి మీద ఉండాలి. ఆకుపచ్చ: పులుసులు, గోంగూర, వేపుళ్ళు. ఆ రోజంతా అమ్ముకోవచ్చు. పాతదీ కొత్తదీ కలపడం మాత్రం ఏ రంగుకూ లేదు.

ఏప్రిల్, మూడో వారం

పిన్నికి నచ్చనిది ఒక్కటే. "మిగిలిన పప్పు పారబోయమంటావా? అన్నం పరబ్రహ్మస్వరూపం అంటారు."

పారబోయడం నాకూ ఇష్టం లేదు. మిగలకుండా వండుదామన్నాను. ఏ రోజు ఏది ఎంత మిగిలిందో రెండు వారాలు రాయించాను. సోమవారం ఆకుకూర పప్పు మిగలదు. శనివారం చాలా మిగులుతుంది, ఎందుకంటే హాస్టలు పిల్లలు ఊళ్ళకి వెళ్తారు. ఆదివారం కోడికూర ముందు పప్పు కదలదు. ఈ సంగతులు పిన్నికి ఉజ్జాయింపుగా తెలుసు, కానీ మాస్టారు మాత్రం ఏడు రోజులూ అదే డేగిశా నింపుతున్నారు. ఇప్పుడు పప్పు రెండు చిన్న గిన్నెల్లో, పదకొండుకి ఒకటి, ఒంటిగంటకు రెండోది దిగుతున్నాయి. రెండో గిన్నె ఎంత పెట్టాలో పన్నెండున్నరకు మొదటి గిన్నె చూసి మాస్టారు తేలుస్తారు. రెండున్నరకు ఏమైనా మిగిలితే అప్పుడే, ఇంకా వేడిగా ఉండగానే పనివాళ్ళ భోజనంలోకి వెళ్తుంది. సాయంత్రానికి మళ్ళీ కొత్తది.

గ్యాసు ఖర్చు కొంచెం పెరిగింది. మిగులు అంతకన్నా ఎక్కువే తగ్గింది. ఒంటిగంట తర్వాత వచ్చేవాళ్ళకు అప్పుడే దిగిన పప్పు దొరుకుతోంది. "పప్పు బాగుంటోంది ఆంటీ, మాస్టారిని మార్చారా?" అని ఒక అమ్మాయి అడిగిందట. భద్రతకూ రుచికీ ఇక్కడ దారి ఒకటే అయింది. ఈ మాట నేను నా ఫ్యాక్టరీలో ఎప్పుడూ ఇంత ధైర్యంగా అనలేను.

పులిహోర ఇప్పుడు ఉదయం అప్పుడే వండిన అన్నంతో కలుపుతున్నారు. కొబ్బరి పచ్చడి సాయంత్రం అసలు లేదు, దాని బదులు అల్లం పచ్చడి పెట్టారు. చింతపండు, బెల్లం, ఉప్పు ఉన్నది కాబట్టి నాకు దిగులు లేదు.

మే: వేడి నీళ్ళ కౌంటరు

పసుపు టేపు కూరల కోసం పాత సామాన్ల దుకాణంలో బెయిన్‌మేరీ కౌంటరు దొరికింది. స్టీలు తొట్టిలో వేడి నీళ్ళు, వాటిలో దిగేసినట్టు కూర గిన్నెలు. దీన్ని కొన్నవాళ్ళందరూ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. అది వేడిని నిలుపుతుంది, వేడి ఎక్కించదు. నలభైలో ఉన్న సాంబారును అందులో పెడితే గంటలకొద్దీ క్రిములకు అనువైన వేడిలోనే నానుతుంది. అందుకే పొయ్యి మీద పొంగించి, 75 దాటిందని చూసి, అప్పుడు దించి ఇందులో పెట్టాలి. తొట్టిలో నీళ్ళు గిన్నెలోని కూర మట్టం దాకా ఉండాలి. నీళ్ళు ఆవిరై తగ్గితే పైసగం చల్లారిపోతుంది. గంటకోసారి గరిటెతో అడుగు నుంచి కలపాలి.

మే నెలలో రేకుల వంటగది మధ్యాహ్నం 42 దగ్గర ఉంది. పొయ్యిల పక్కన ఇంకా ఎక్కువే. ఇంత వేడిలో ఏదీ చల్లారదన్నది నిజం, అందులోనే చిక్కంతా ఉంది. రాత్రి చేసి మర్నాటికి దాచే ఉల్లిపాయ, టమాటా గ్రేవీ బేస్ ఒక లోతు గిన్నెలో తెల్లారేదాకా గోరువెచ్చగా ఉండిపోయింది. ఫ్రిజ్‌లో అలాగే పెడితే పక్కనున్న పెరుగు, పాలు కూడా వేడెక్కుతాయి. వేరే దేశాల్లో పాటించే ఒక లెక్క ఉంది: 60 నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి ఇంకో నాలుగు గంటల్లో దిగాలి. వెడల్పాటి స్టీలు ట్రేల్లో రెండంగుళాల మందాన పోసి, ట్రే కింద ఐసు నీళ్ళు పెట్టి, కలుపుతూ ఉంటే గంటన్నరలోపే 21కి దిగింది. పక్కవీధి ఐసు దుకాణం నుంచి సగం దిమ్మె చాలు. లోతు తగ్గించడమే అసలు కీలకం. ఐసు తర్వాతి సంగతి.

ఈ నెలలోనే ఇంకో రెండు పనులు. కోడి తరిగే పలక మీదే కొత్తిమీర తరిగి, దాన్ని పచ్చిగా కూర మీద చల్లుతున్నారు. ఉడికిన కూరకు పచ్చి కోడి నీళ్ళు అంటించినట్టే. కోడికి ఎర్ర పలక, కూరగాయలకు ఆకుపచ్చ పలక, కత్తులు కూడా విడివిడిగా. ఇది చెప్పిన రోజు నుంచే అమలైంది, ఎవరూ మారుమాట అనలేదు.

రెండోది నూనె. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్ళీ మళ్ళీ కాగి చెడినప్పుడు పుట్టే పదార్థాలు, 25 శాతం దాటితే పారేయాలని 2018 నుంచి నియమం. కొలిచే పట్టీలు దొరుకుతాయి, వాటితో చూసి మాస్టారు తన కంటి అంచనాతో పోల్చుకున్నారు. నురుగు, చిక్కదనం, పొగ చూసి ఆయన మార్చే సమయం దాదాపు సరిపోయింది. మిగిలిన నూనెలో కొత్త నూనె పోసి పెంచడం మాత్రం మానేశారు.

జూన్: నీళ్ళు, చేతులు, కవర్లు

నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, సంపులో పడతాయి, అక్కడి నుంచి పైట్యాంకుకు. గ్వాలియర్ రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు 1982లో ప్రకటించిన ఒక చవకైన పరీక్ష ఉంది. చిన్న సీసాలో మందు రాసిన కాగితం ఉంటుంది. నీళ్ళు పోసి ఉంచితే, మలం కలిసిన నీళ్ళయితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. నల్లా దగ్గర పట్టిన సీసా మారలేదు. సంపు సీసా నల్లబడింది. సంపు మూత వాననీళ్ళు పోయే చోట ఉంది, అంచు పగిలింది. సంపు ఖాళీ చేసి కడిగించి, బ్లీచింగ్ వేసి, మూత చుట్టూ సిమెంటు గట్టు కట్టించాడు బాబాయ్. ఇప్పుడు కుళాయి దగ్గర క్లోరిన్ పట్టీతో వారానికోసారి చూస్తున్నాం, లీటరుకు 0.2 మిల్లీగ్రాములు కనపడాలి. కర్రీ పాయింట్ల వాళ్ళు ఇంకేమీ చేయలేకపోయినా ఈ సీసా పరీక్ష ఒక్కటి చేయించుకోవాలని నా ప్రార్థన.

కౌంటర్ దగ్గర తమ్ముడు ఒకే చేత్తో డబ్బులు తీసుకుని, అదే చేత్తో కవరు మూతి ఊది తెరిచేవాడు. ఊదడం ఆపించాను. ఇప్పుడు గరిటె పట్టేవాళ్ళు డబ్బు ముట్టరు. చాలామంది ఫోన్‌తో కట్టేస్తున్నారు కాబట్టి ఇది కష్టం కాలేదు. చేతికి కోసుకుంటే, గడ్డ లేస్తే గరిటె పని కాదు, లెక్కల పని. దానికి జీతం కోయకూడదని పిన్ని దగ్గర మాట తీసుకున్నాను. కోస్తే ఎవరూ చెప్పరు.

పకోడీలకు వార్తాపత్రికలు మానేశారు. 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం అచ్చు కాగితంలో తిండి చుట్టకూడదు, సిరా నూనెలోకి దిగుతుంది. సొంత స్టీలు డబ్బా తెచ్చుకున్నవాళ్ళకు ఒక గరిటె ఎక్కువ వేస్తున్నారు. గరిటె వాళ్ళ డబ్బాకు తగలకుండా పైనుంచి పోయాలన్నదే షరతు.

మేం అమ్మిన తర్వాత ఏమవుతుందన్నది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. హాస్టలు పిల్లలు మధ్యాహ్నం ఒక కవరు పప్పు తీసుకుని సగం అప్పుడు, సగం రాత్రి తింటారు. ముడి వేసిన కవర్లో, గదిలో బల్ల మీద, ఏడెనిమిది గంటలు. ఇక్కడ మేం పడ్డ కష్టమంతా అక్కడ వృథా. గోడ మీద "పప్పు, అన్నం, కోడికూర రెండు గంటల్లో తినండి. రాత్రికి దాచాలంటే పులుసు తీసుకోండి" అని రాయించాం. రాసినంతమాత్రాన ఎవరు వింటారు? అందుకని పిన్ని హాఫ్ కవరు మొదలుపెట్టింది. సగం ధరకు సగం కూర. రాత్రికి మళ్ళీ వచ్చి వేడి హాఫ్ తీసుకుంటారు. ఈ ప్రాజెక్టులో నాకు అందరికన్నా నచ్చిన ఆలోచన ఇది, ఇది పిన్నిది.

లైసెన్సు సంగతి

పిన్నికి వంద రూపాయలు కట్టి తీసుకున్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉంది. 2025లో అది ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్నవాళ్ళకు ఉండేది. రోజుకు వేసుకుంటే సుమారు 3,300 రూపాయలు. కాస్త రద్దీగా ఉండే కర్రీ పాయింట్ ఏదైనా దీన్ని దాటుతుంది. దాటితే అప్పట్లో రాష్ట్ర లైసెన్సు కావలసి వచ్చేది, ఏడాదికి రెండు వేలు. ఆ సంస్థ ఫోస్కోస్ పోర్టల్లో దరఖాస్తు పెట్టాం. పద్నాలుగు అంకెల నంబరు షట్టరు పక్కన కనపడేలా ఉండాలి, 2022 జనవరి నుంచి బిల్లు మీద కూడా వేయాలి. పనివాళ్ళకు ఏడాదికోసారి డాక్టరు పరీక్ష, టైఫాయిడ్ టీకా. ఆ సంస్థ ఆహార భద్రత మీద ఇప్పించే ఫోస్టాక్ శిక్షణకు బాబాయ్, కౌంటర్ తమ్ముడు వెళ్ళొచ్చారు. తమ్ముడు అక్కడ నేర్చుకున్నది అక్కకు, అంటే గిన్నెలు కడిగే ఆవిడకు, మళ్ళీ చెప్పడం విన్నాను. నేను చెప్పినదానికన్నా బాగా చెప్పాడు.

జూలై: నోటుబుక్కు ఇప్పుడు ఎలా ఉంది

మొదట గీసిన పట్టికలో గళ్ళు ఎక్కువ. ఇప్పుడు నాలుగే: కూర, దించిన సమయం, ఒంటిగంటకు ఎంత వేడి, మిగిలింది ఏమైంది. సాయంత్రానికి మళ్ళీ అవే. గిన్నెలు కడిగే అక్కకు చదువు రాదు, అంకెలు వస్తాయి. అందుకని కూర పేరు బదులు టేపు రంగు చుక్క పెట్టుకుని ఆవిడే రాస్తోంది. మాస్టారు కన్నా కచ్చితంగా రాస్తుంది, ఎందుకంటే వంట హడావుడి ఆవిడకు లేదు. ఒంటిగంటకు 60 లోపు కనపడితే ఏం చేయాలో గోడ మీదే ఉంది: దించి రెండు గంటలు కాకపోతే పొంగించి 75 చూడాలి, రెండు గంటలు దాటితే అమ్మకూడదు. మొన్న కుర్మా 54 చూపిస్తే అక్కే గిన్నె పక్కకు తీసింది. పిన్ని ఏమీ అనలేదు. యజమాని అలా ఊరుకోకపోతే నోటుబుక్కులో మర్నాటి నుంచి అన్నీ 62లే ఉంటాయి.

మిగిలినవి చాలా ఉన్నాయి. ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైంది, లోపల 9 చూపిస్తోంది, మార్చాలి. వానలు మొదలయ్యాక ఈగలు పెరిగాయి, షట్టరు ముందు గిన్నెలకు గాజు తలుపుల అర చేయిస్తున్నాడు బాబాయ్. శ్రావణమాసంలో మాస్టారు పెళ్ళిళ్ళ వంటకు ఊరెళ్తారు, బదులు వచ్చే ఆయనకు రంగు టేపులు ఎవరు చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. తమ్ముడే చెబుతానంటున్నాడు.

రాత్రి సాంబారు ఇంకా లొంగలేదు. ఎనిమిదింటిదాకా 66, తొమ్మిదింటికి 57. అమ్మకం తగ్గి గిన్నెలో కొంచెమే మిగిలినప్పుడు వేడి త్వరగా పడిపోతోంది. ఎనిమిదింటికి చిన్న గిన్నెలోకి మార్చి, తొట్టి నీళ్ళు మళ్ళీ మరిగించి పోయాలని మాస్టారు అంటున్నారు. కరెంటు కాయిల్ పెడదామని బాబాయ్ అంటున్నాడు. ముందు మాస్టారి పద్ధతి వారం రోజులు రాసి చూస్తాం. 60 నిలవకపోతే కాయిల్.